వంపు దగ్గర గుడ్డ ఎందుకు ముడత పడుతుంది?

ప్రశ్న: అక్కా, మాది పరకాల. ఇంట్లో బ్లౌజులు, పిల్లల గౌన్లు కుడతాను. మా అమ్మ పోయి ఏడాది అవుతోంది. ఆమె కట్టుకున్న కాటన్ చీరలు ఐదు నా దగ్గర ఉన్నాయి. వాటితో మా బిడ్డకు ఒక బొంత కుట్టాలని మొదలుపెట్టాను. చదరపు ముక్కలు కలపడం బాగానే వచ్చింది. కానీ నాకు చందమామలు ఉన్న డిజైన్ కావాలి. చిన్న గిన్నె బోర్లించి గీసుకొని, బ్లౌజుకు వదిలినట్టే అర ఇంచు మార్జిన్ వదిలి కత్తిరించాను. రెండు ముక్కలు పక్కపక్కన పెడితే అంచులు కలవడమే లేదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొట్టిదాన్ని లాగి కుడితే ముడతలు పడుతున్నాయి, మధ్యలో బుగ్గలా ఉబ్బుతోంది. నాలుగు సార్లు విప్పాను, గుడ్డ పోగులు లేచిపోతోంది. రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడు చక్రంలా తిరుగుతూ గుడ్డను కోసే పరికరం) కొంటే సరిపోతుందని ఒకరు అన్నారు. అమ్మ చీర పాడుచేస్తున్నానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు, పరకాల)

సమాధానం: చెల్లె, ముందు అమ్మ చీరలను మడతపెట్టి బీరువాలో పెట్టు. ఈ వారం వాటిని బయటికి తీయొద్దు. ఇంట్లో పాత దుప్పటి ఉంటే అది కత్తిరించుకో. లేదంటే బ్లౌజులకు తెచ్చిన లైనింగ్ గుడ్డ ఎంతో కొంత మిగిలే ఉంటుంది కదా, అదైనా చాలు. పోయినా బాధ లేని గుడ్డ మీద చెయ్యి భయం లేకుండా కదులుతుంది. వంపు కుట్టుకు కావలసింది అదే.

నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగాను. అంచులు కలవడమే లేదన్నావు. అవి కలవవు. ఎంత సరిగ్గా కత్తిరించినా కలవవు. నువ్వు తప్పు కత్తిరించానని అనుకొని పొట్టిదాన్ని లాగావు, ముడత అక్కడే పుట్టింది.

వంపు కుట్టులో రెండు ముక్కలుంటాయి. ఒకటి పావు రొట్టెలా బయటికి వంగి ఉంటుంది, దాన్ని గుండ్రం ముక్క అందాం. రెండోది మూల కొరికేసిన బ్రెడ్డు ముక్కలా లోపలికి వంగి ఉంటుంది, దాన్ని కొరికిన ముక్క అందాం. గుండ్రం ముక్కకు మార్జిన్ కుట్టు గీతకు బయటి వైపు ఉంటుంది, అంటే అది కాస్త పెద్ద వృత్తం. కొరికిన ముక్కకు మార్జిన్ గీతకు లోపలి వైపు ఉంటుంది, అది కాస్త చిన్న వృత్తం. కాబట్టి కత్తిరించిన అంచులు కొలిస్తే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కుట్టు గీతలు కొలిస్తే మాత్రం రెండూ సమానం. నమ్మకం కలగాలంటే చంక కొలిచేటప్పుడు టేపును పక్కకు నిలబెట్టి వంపు వెంట తిప్పుతావు చూడు, అలాగే ఈ రెండు గీతల వెంట తిప్పి చూడు.

ఇక ఆ తేడా ఎంతో లెక్క చూద్దాం. పావు వృత్తానికి పావు ఇంచు మార్జిన్ వదిలితే, రెండు అంచుల మధ్య తేడా ముప్పావు ఇంచు కంటే ఒక పిసరు ఎక్కువ. వృత్తం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. మారేది కుట్టు గీత పొడవు. నీ గిన్నె అడ్డం కొలత 4 ఇంచులు ఉంటుందనుకుంటున్నా, అంటే మధ్య నుంచి అంచు దాకా 2 ఇంచులు. దాని పావు వంపు పొడవు 3 ఇంచులు దాటి కాస్త. అందులో నువ్వు మార్జిన్ అర ఇంచు వదిలావు, అప్పుడు తేడా రెట్టింపై ఒకటిన్నర ఇంచు దాటింది. 3 ఇంచుల కుట్టులో ఒకటిన్నర ఇంచు తేడాను సర్దాలంటే ఇరవై ఏళ్ళుగా మిషన్ మీద ఉన్నవాళ్ళకూ కష్టమే. మొదటి ప్రయత్నానికే నువ్వు అన్నిటికన్నా కష్టమైన వంపు ఎంచుకున్నావు.

గిన్నె వదిలేసి టిఫిన్ ప్లేటు తీసుకో. అడ్డం 8 ఇంచులు ఉన్నది చూడు. దాని పావు వంపు 6 ఇంచులు దాటుతుంది. మార్జిన్ పావు ఇంచే వదులు. అప్పుడు ఆ ముప్పావు ఇంచు తేడా ఆరు ఇంచుల పొడవునా పరుచుకుంటుంది, ఒక్కో చోట చేతికి తెలియనంత కొంచెమే వస్తుంది. పావు ఇంచు చాలదేమో, విడిపోతుందేమో అని అనిపిస్తుంది, బ్లౌజులు కుట్టేవాళ్ళకు అది సహజం. బ్లౌజును రేపు వదులు చేయాల్సి రావచ్చు కాబట్టి మార్జిన్ ఉంచుతాం. బొంతను ఎవరూ వదులు చేయరు. పైన, కింద గుడ్డ వేసి మధ్యలో అంతా టాకాలు పడ్డాక ఆ పావు ఇంచు కదలదు. చీర పలచబడ్డ చోట నుంచి తీసిన ముక్కలు మాత్రం ఈ వంపులకు వాడకు.

ఒక సంగతి నువ్వు గమనించి ఉండవు. ఈ కుట్టు నీకు కొత్త కాదు. ప్రిన్సెస్ కట్ బ్లౌజు కుట్టే ఉంటావు. అక్కడ పక్క ముక్క బయటికి వంగి ఉంటుంది, ముందు ముక్క లోపలికి. రెండిట్లోనూ గుర్తు పెట్టుకున్న చోటును ముందు కలిపి, అక్కడి నుంచి పైకి, కిందికి సర్దుకుంటూ కుడతావు. కటోరీ బ్లౌజు కూడా అంతే. బొంతలోని చందమామ అదే కుట్టు, ఒంటి మీద కాకుండా నేల మీద పరుచుకుంటుంది. అందుకే ఇక్కడ ఉబ్బు కనబడుతుంది, బ్లౌజులో అయితే ఒంటి ఆకారంలో కలిసిపోతుంది.

ఇప్పుడు పని. పెళ్ళిపత్రిక అట్ట ఒకటి తీసుకో, గట్టిగా ఉండి అంచు మాయకుండా ఉంటుంది. దాని మీద 6 ఇంచుల చదరం గీయి. అట్ట చిన్నదైతే రెండు అతికించు. ఒక మూల నుంచి 4 ఇంచుల వంపు గీయి. ప్లేటు పెట్టి గీసినా సరే, పెన్సిల్‌కు దారం కట్టి మూల దగ్గర గుండుసూది గుచ్చి తిప్పినా సరే. ఆ వంపు మీదే కత్తిరించు. రెండు అట్టలు వస్తాయి. వాటికి మార్జిన్ లేదు, అదే మనకు కావాలి. అట్టను గుడ్డ ఉల్టా వైపు పెట్టి చుట్టూ సన్నని పెన్సిల్‌తో గీయి, ఆ గీత మీదే కుట్టు పడుతుంది. గీతకు బయట అన్ని వైపులా పావు ఇంచు వదిలి కత్తిరించు. కొందరు మార్జిన్‌తో కలిపిన అట్ట వాడతారు, చెయ్యి అలవాటయ్యాక అది త్వరగా అవుతుంది. నువ్వు మాత్రం గీత కనబడేలా పెట్టుకో. ఇకపై నువ్వు చూడాల్సింది గీతనే, అంచును కాదు.

గుడ్డ పోగు చూసి పెట్టాలి. వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద డర్రీ నేస్తుంటే చూసి ఉంటావు, నిలువు పోగులు, వాటి మీద అడ్డం పోగు. ఆ రెండు దిక్కుల్లో గుడ్డ పెద్దగా సాగదు, మూల నుంచి మూలకు లాగితే సాగుతుంది. మనం క్రాస్ అనేది దాన్నే. అట్ట తిన్నటి అంచులు రెండూ పోగు వెంట ఉండేలా పెట్టు. అప్పుడు వంపు నడుమ భాగం మాత్రమే క్రాస్ మీద పడుతుంది. అది కాస్త సాగడం మంచిదే, కొరికిన ముక్క తెరుచుకోవడానికి పనికొస్తుంది. కానీ అదే సాగుడు లాగితే ప్రమాదం. నేను కుట్టు నేర్చుకునే రోజుల్లో ఒక సెంటర్‌లో, వంపు దగ్గర గట్టిగా లాగి పట్టుకొని కుట్టేయమని చెప్పారు. అలాగే కుట్టాను. కుట్టిన రోజు సాఫుగానే ఉంది. ఒక్క ఉతుకు పడగానే సాగిన గుడ్డ వెనక్కి ముడుచుకుంది, కుట్టు పొడవునా అలలు తేలాయి. తొమ్మిది బ్లాకులు, అంటే ముక్కలు కలిపి కుట్టిన చదరాలు, మళ్ళీ విప్పాను. అప్పటి నుంచి వంపును లాగమని ఎవరికీ చెప్పలేదు.

కుట్టే ముందు కొరికిన ముక్క అంచుకు గాట్లు పెట్టు. మెడకు పట్టీ వేసినప్పుడు పెడతావే, అవే. అర ఇంచుకు ఒకటి, లోతు మార్జిన్‌లో సగం. కత్తెర కొసతో పెట్టు, మొత్తం నోరు తెరిచి కత్తిరించకు. గీత దాటిందంటే అక్కడ చిల్లి పడుతుంది. గుండ్రం ముక్కకు గాట్లు అవసరం లేదు.

పిన్నులు పెట్టడం తొందర పడకుండా చేయాల్సిన భాగం. గుండ్రం ముక్కను సగానికి మడిచి వంపు నడుమ గోటితో గీరు. కొరికిన ముక్కకూ అలాగే. సీదా మీద సీదా వచ్చేలా, గుండ్రం ముక్క కింద, కొరికిన ముక్క పైన పెట్టు. నడుమ గుర్తులు రెండూ కలిపి మొదటి పిన్ను. ఎలా అంటే, సూది మొన పై ముక్క గీత మీద గుచ్చి, గుడ్డ తిరగేసి చూడు. కింది ముక్క గీత మీదే బయటికి రావాలి. ఒక నూలు పోగంత పక్కకు వచ్చినా తీసి మళ్ళీ గుచ్చు. తర్వాత రెండు చివర్లు. ఇక్కడే చాలామంది తప్పుతారు. కొరికిన ముక్క తిన్నటి అంచు, గుండ్రం ముక్క తిన్నటి అంచు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి, గీతల మూలలు కలవాలి. చివర ఒక పిసరు తప్పితే బ్లాకు చదరంగా రాదు, పక్క బ్లాకుతో చందమామ అతకదు. నడుమ, రెండు చివర్లు అయ్యాక, మధ్య ఖాళీల్లో ఒక్కొక్కటి. మొత్తం ఐదు. చాలదనిపిస్తే తొమ్మిది పెట్టు, ఎవరూ ఏమీ అనరు.

ఈ దశలో చూస్తే భయమేస్తుంది. గుడ్డ గిన్నెలా లేచి ఉంటుంది, పై ముక్క నిండా మడతలు. ఉండనీ. మడతలు గీతకు దూరంగా, గుడ్డ ఒంట్లో ఉన్నంత వరకు ఇబ్బంది లేదు. గీత మీద మాత్రం ఒక్కటీ ఉండకూడదు.

మొదటి రెండు బ్లాకులు చేత్తోనే కుట్టమంటాను. నీకు మిషన్ వచ్చు కాబట్టి వెనక్కి పోతున్నట్టు అనిపించవచ్చు, కానీ వంపుకు చెయ్యే సులువు. సన్న సూది, ఒంటి పోగు దారం, గీత వెంట చిన్న చిన్న టాకాలు. నాలుగైదు టాకాలకు ఒకసారి వెనక్కి ఒక టాకా వేసి బిగించు, గుడ్డ తిప్పి కింది గీత చూసుకో. మా ఇంట్లో వేసవిలో నేల మీద చీరలు పరిచి, నాలుగు మూలలా రాళ్ళు బరువు పెట్టి, ఆడవాళ్ళు తలో పక్క కూర్చొని బొంత కుట్టేవాళ్ళు. మూల దగ్గర టాకాల వరుస తిరిగే చోట మా అమ్మ సూది పక్కన పెట్టి అరచేత్తో గుడ్డను రెండు సార్లు నిమిరి, ఆ తర్వాతే కుట్టేది. అప్పుడు అది అలవాటు అనుకున్నాను. నిమిరితే గుడ్డ తన చోటికి తాను పోతుంది, లాగితే పోదు.

మిషన్ మీద కుట్టేటప్పుడూ కొరికిన ముక్క పైనే ఉండాలి. మిషన్ పళ్ళు కింది గుడ్డను పై గుడ్డ కంటే ఒక పిసరు ఎక్కువ లోపలికి తీసుకుంటాయి. పొడుగు అంచు కింద ఉంటే ఆ పని మనకు కలిసొస్తుంది. కుట్టు చిన్నది చేసుకో, ఇంచుకు 12 కుట్లు పడేలా. పలచని చీర గుడ్డకు 11 నంబరు సూది, కాస్త మందమైన కాటన్‌కు 14. మోటారు ఉన్నా ఈ కుట్టుకు చేత్తో చక్రం తిప్పినంత నెమ్మదిగా పోవాలి. నాలుగైదు కుట్లు వేసి ఆగు. సూది గుడ్డలోనే దించి ఉంచి, ఫుట్ ఎత్తి, ఎడమ వైపున్న మడతలను సూదికి దూరంగా జరిపి, ఫుట్ దించి మళ్ళీ నాలుగు. మొత్తం వంపును ఒకేసారి సాఫు చేయాలని చూడకు. సూది ముందున్న ఒక్క ఇంచు సాఫుగా ఉంటే చాలు, తర్వాతి ఇంచు సంగతి దాని వంతు వచ్చినప్పుడు. పిన్ను సూది దగ్గరికి రాగానే తీసెయ్. పిన్నులు తీసి పెట్టడం విసుగైతే ముందే చేత్తో కచ్చా కుట్టు వేసుకొని మిషన్ మీద పోనియ్. నేను చీర గుడ్డలకు ఇప్పటికీ అదే చేస్తాను.

కుట్టు అయ్యాక వెంటనే తెరిచి లాగి చూడకు. ముందు మూసి ఉండగానే కుట్టు మీద ఇస్త్రీ పెట్టె ఒకసారి ఆనించు. తర్వాత తెరిచి, మార్జిన్‌ను కొరికిన ముక్క వైపు పడుకోబెట్టు. గాట్లు విచ్చుకొని అటే సులువుగా పడుకుంటుంది. పెట్టెను రుద్దకు, ఎత్తి పెట్టు, ఎత్తి పెట్టు. రుద్దితే క్రాస్ సాగి, ఇంత శ్రమా వృథా అవుతుంది. చిన్న ఉబ్బు మిగిలితే తడిగుడ్డ వేసి ఆనిస్తే సర్దుకుంటుంది. కుట్టులో చిక్కిన మడత మాత్రం ఇస్త్రీతో పోదు. దాని కోసం మొత్తం విప్పకు. మడతకు అటు ఒక ఇంచు, ఇటు ఒక ఇంచు విప్పి, అంతమేరకే మళ్ళీ కుట్టు. నువ్వు నాలుగు సార్లు మొత్తం విప్పడం వల్లే గుడ్డ పోగులు లేచింది.

రోటరీ కట్టర్ ఇప్పుడు కొనొద్దు. దానికి కింద వేసే మ్యాట్ కూడా కొనాలి, ఖర్చు రెండింతలు. పైగా వంపులకు 28 మిల్లీమీటర్ల చిన్న బ్లేడు కావాలి, ఎక్కువగా అమ్మే 45 మిల్లీమీటర్లది చిన్న వంపు తిరగదు. నీ సమస్య కత్తిరింపులో లేదు. ఉన్న కత్తెరకు సాన పట్టించుకో, చాలు.

అచ్చంగా చందమామే కావాలని లేకపోతే ఇంకో దారి ఉంది, అది ఇంకా తేలిక. రెండు రంగుల ముక్కలు తీసుకొని, రెండిటి సీదా పైకి ఉండేలా ఒకదాని అంచు మీద ఒకటి 3 ఇంచులు ఎక్కించి పరుచు. ఎక్కిన చోట భద్రకాళి చెరువు గట్టు మలుపులా ఒక మెల్లని వంపు రెండు పొరలూ కలిసి తెగేలా కత్తిరించు. అక్కరలేని పీలికలు తీసేస్తే మిగిలిన రెండు అంచులు ఒకదానికొకటి సరిపోతాయి. అట్ట వద్దు, కొలత వద్దు, వంపు నిజంగా మెల్లనిదైతే పిన్నులూ పెద్దగా వద్దు. కుట్టాక చదరంగా కత్తిరించుకోవడమే. చందమామకు ముందు ఇలాంటివి రెండు కుట్టు, చేతికి దారి తెలుస్తుంది.

ఇక అమ్మ చీరల సంగతి. దుప్పటి గుడ్డ మీద మూడు బ్లాకులు సాఫుగా వచ్చి, వాటిని ఒకసారి ఉతికి ఆరేశాక కూడా సాఫుగానే ఉంటే, అప్పుడు చీర తియ్యి. వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడు. కూర్చునే చోట, కుచ్చిళ్ళ మడతల దగ్గర పోగు పలచబడి ఉంటుంది. అక్కడి గుడ్డ బొంత లోపలి పొరకు వాడు, పైకి వద్దు. ఎరుపు, మెరూన్ చీరలు రంగు దిగుతాయేమో తడి తెల్లగుడ్డతో అద్ది చూడు. దిగితే తెలుపు పక్కన పెట్టకు. పాత కాటన్ మెత్తగా ఉండి చేతిలో నిలవదు, అందుకే కత్తిరించే ముందు పలచని గంజి పెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చెయ్. గుడ్డ కాగితంలా నిలబడుతుంది, క్రాస్ సాగడం తగ్గుతుంది, పెన్సిల్ గీత కూడా తెగకుండా పడుతుంది. బొంత పూర్తయ్యాక ఒక్క ఉతుకులో గంజి పోతుంది. గంజి పెట్టిన ముక్కలను నెలల తరబడి మాత్రం దాచకు, పురుగు పడుతుంది.

64 బ్లాకులైతే 48 ఇంచుల బొంత వస్తుంది, చిన్నపిల్లకు చాలు. అన్నీ చందమామలు కానక్కర లేదు. ఒకటి చందమామ, ఒకటి ఖాళీ చదరం పెడితే కుట్టాల్సిన వంపులు 32కి తగ్గుతాయి, కంటికీ ఊపిరి ఆడుతుంది. అలా కాకుండా నాలుగు బ్లాకుల గుండ్రం మూలలు ఒక చోట చేర్చితే నిండు వృత్తం వస్తుంది. తంగేడు పసుపు, గునుగు తెలుపు రంగు చీరలు ఉంటే బతుకమ్మను పైనుంచి చూసినట్టు ఉంటుంది. అవే బ్లాకులను ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు తిప్పి పెడితే మెలికలు తిరిగే దారి వస్తుంది. అమెరికాలో దానికి డ్రంకర్డ్స్ పాత్, తాగుబోతు నడిచిన దారి అని పేరు. నీ బిడ్డ బొంతకు నేనైతే నిండు వృత్తమే పెడతాను. బ్లాకులు కుట్టడం అయ్యేదాకా ఏదీ తేల్చుకోకు. అన్నీ నేల మీద పరిచి, మీ పాపను పిలిచి తనకు నచ్చినట్టు పెట్టమను.

చీరల అంచులు కత్తిరించి పారేయకు. రెండున్నర ఇంచుల వెడల్పు పట్టీలుగా తీసి దాచు. అంచు పోగు తిన్నగా, గట్టిగా ఉంటుంది, బొంత చుట్టూ మడిచి కుట్టడానికి దానికి మించింది లేదు. అది తిన్నటి కుట్టే, నీకు వచ్చిందే. ఐదు చీరల్లో ఏ ఒక్కదాని కొంగైనా కత్తెర పెట్టకుండా మొత్తంగా ఉంచి, బొంత వెనక నడుమ వెయ్. కప్పుకున్నప్పుడు అది పాప ఒంటికి తగిలే వైపు.